కుడి మలుపు వెనక తాటిచెట్టు

మా అల్లుడు మంచి డ్రైవరా, కాదా చెప్పమని మా అమ్మాయి నన్ను అడిగింది. మామూలు డ్రైవరైతే ఆ ప్రశ్నకు ఎవరైనా జవాబు చెబుతారు. మా అల్లుడు పందెం కార్లు నడిపేవాడు. కిందటేడు ఒక మలుపులో కారు దారి తప్పి గోడకు గుద్దుకుంది. భుజం ఎముక విరిగి ఇంట్లో కూర్చున్నాడు. భుజం బాగయింది. పాత జట్టువాళ్ళే మళ్ళీ పిలిచి, ఉగాది లోపల ఏదో ఒక మాట చెప్పమన్నారు.

“నాకు భయం కాబట్టి నా మాట లెక్కలోకి రాదు నాన్నా. ఆయనకు ఆశ కాబట్టి ఆయన మాటా రాదు. నువ్వు ఒక్క రేసు కూడా వదలకుండా చూసినావు. నువ్వు చెప్పు, పోనివ్వాలా వద్దా?”

“నేను వద్దంటే మానుకుంటాడా?”

“మానుకుంటాడంట. ‘మీ నాయన కొలిచి చెప్తే ఇంక కాదనేదేముంది’ అన్నాడు.”

నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాను. చిన్నప్పటినుంచీ డైరీ రాసే అలవాటు ఉంది. రోజూ వాతావరణం, ఎవరు వచ్చారు, ఎక్కడికి వెళ్ళాను, ఏం చూశాను, అంతవరకే. మనసులో మాటలు రాయను. రిటైరయ్యాక పొద్దుపోక, అల్లుడి పందేలకు వెళ్ళడం మొదలుపెట్టాను. కోవూరులో మొదటి బస్సెక్కి, నాయుడుపేటలో టిఫిన్ చేసి, తడ దాటి తమిళనాడులోకి వెళ్ళేవాణ్ణి. ట్రాక్ వెనకవైపు, పొడుగాటి తిన్నటి దారి చివర ఒక కుడి మలుపు ఉంది. దానికి ఎదురుగా ఉన్న మెట్లమీద నీడ పట్టుకుని కూర్చునేవాణ్ణి.

టూరింగ్ కార్ల పందెం అంటే చక్రాలు బయటికి కనబడే సన్నటి కార్లు కావు. మన వీధుల్లో తిరిగే కార్లే. లోపల సీట్లు పీకేసి, ఇనుప గొట్టాల పంజరం బిగించి, ఇంజనుకు పని చేయించి వదులుతారు. ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతాయి. అద్దాలు రాలతాయి, తలుపులు సొట్టపోతాయి. మా అల్లుడు తడ దగ్గర టైర్ల కంపెనీలో పరీక్ష డ్రైవరుగా ఉంటూ ఇందులోకి వచ్చాడు. అక్కడే ఆఫీసులో పనిచేస్తున్న మా అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళది వాకాడు అవతల సముద్రం ఒడ్డు పల్లె. చేపలు పట్టే కుటుంబం. పెళ్ళికి రెండువైపులా కొన్నాళ్ళు ముఖాలు ముడుచుకుని, తర్వాత మామూలైపోయాం.

అతని పందేల చరిత్ర ఎత్తుపల్లాల నేల. మొదటి ఏడు, అందరికన్నా నీరసమైన ఇంజనుతో రెండుసార్లు గెలిచాడు. రెండో ఏడు, ఇంకొంచెం ఉంటే మొత్తం పోటీయే గెలిచేవాడు. మూడో ఏడు అదే మనిషి, అదే కారు, కానీ ఎవరూ గుర్తుపట్టలేనట్టు నడిపాడు. నేను కూర్చునే కుడి మలుపులోనే, తిప్పాల్సిన చోట తిప్పకుండా నేరుగా గడ్డిలోకి పోయాడు. ఒకసారి కాదు. మరో రోజు మలుపు ఇంకా చాలా దూరం ఉండగానే బ్రేకు తొక్కితే వెనక కారు వచ్చి గుద్దింది. ఆ తర్వాతి ఏడు కుండపోత వానలో, దారి పక్కన దూరం చూపించే బోర్డులు కూడా ఎవరికీ కనబడని రోజున, మిగతావాళ్ళు తడుముకుంటుంటే తనొక్కడే ఎండలో పోయినట్టు పోయి గెలిచాడు. మళ్ళీ పడ్డాడు. చివరికి గోడ.

“మీ అల్లుడు ఒకనాడు పులి, ఒకనాడు పిల్లి సార్” అన్నాడు జట్టు మేనేజరు. మెకానిక్కులు ఇంజను విప్పి చూశారు, బ్రేకులు మార్చారు. మైకులో మాట్లాడేవాళ్ళు మనసు నిలకడ లేదన్నారు.

సర్వేలో ఒక పద్ధతి ఉంది. కొలత ఒక్కోసారి ఒక్కోలా వస్తే ముందు పరికరాన్ని అనుమానిస్తాం. పరికరం సరిగ్గా ఉందని తేలితే, నాటిన రాయి కదిలిందేమో చూస్తాం. అమ్మాయి అడిగాక నా డైరీలన్నీ తిరగేశాను. గెలిచిన రోజుకూ ఓడిన రోజుకూ తేడా దొరకలేదు. ఎండ, వాన, గాలి, టైర్లు, తిండి, ఏదీ కలవలేదు. కాగితంలో లేదని తేలాక మనిషినే అడిగాను.

సూళ్ళూరుపేటలో వాళ్ళింటి పెరట్లో అల్లుడు చేపలు తోముతున్నాడు. అమ్మాయి లోపల మసాలా రుబ్బుతోంది.

“ఆ కుడి మలుపులో బ్రేకు ఎక్కడ తొక్కుతావబ్బాయ్?” అన్నాను.

“చెట్టు కలిసినప్పుడు.”

“ఏ చెట్టు?”

“తాటిచెట్టు మామా. మలుపు వెనక ఉండాది గదా. జెండా వాళ్ళు నిలబడే గట్టు ముందర, తాటిచెట్టు వెనక. రెండూ ఒక గీతలోకొస్తే తొక్కడం, తిప్పడం. మా ఊళ్ళో పడవ నడిపేది ఇట్టానే.”

“బోర్డులున్నాయిగా?”

“బోర్డులు మనుషులు పెట్టినవి. రేపు జరపొచ్చు. చెట్టు జరగదు గదా.”

ఆ మలుపుకు ఎదురుగా నేను కొన్నేళ్ళు కూర్చున్నాను. దాని వెనక ప్రహరీ గోడ ఉంది, తుమ్మపొదలున్నాయి, కరెంటు స్తంభాలున్నాయి, ఆ తర్వాత ఆకాశం. తాటిచెట్టు లేదు. ఆ మాట పైకి అనలేదు. ఎదుటివాడి సాక్ష్యం పూర్తయ్యేదాకా మన కొలత చెప్పకూడదన్నది నాకు ఉద్యోగంలో అబ్బిన బుద్ధి.

“ఎప్పుడూ ఒకచోటే ఉంటుందా?” అని మాత్రం అడిగాను.

చేప మీద అతని చెయ్యి ఆగింది.

“లే మామా. మొదట్లో గోడకి శానా అవతల ఉండేది. దూరంగా, చక్కగా. తర్వాత్తర్వాత దగ్గరికొచ్చింది. ఒక్కోనాడు ఉన్నకాడే ఉంటాది. ఒక్కోనాడు గోడకి ఇవతల ఉంటాది.”

“భుజం విరిగిన రోజు?”

“దారి మీదుండింది.”

లోపల మిక్సీ ఆగింది. అతను గొంతు తగ్గించాడు. “మీ అమ్మాయికి చెప్పబాకండి మామా. ఏడాదైంది గదా. ఎనక్కి పోయుంటాది. నాకట్టా అనిపిస్తా ఉంది.”

ఆ నెలలోనే అల్లుడి అన్న కొత్త ఫైబరు పడవ దించుతున్నానని కబురుపెడితే అల్లుడితో కలిసి పల్లెకు వెళ్ళాను. పడవ ముక్కుకు పసుపు పూసి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, నీళ్ళలోకి నెట్టారు. అల్లుడు భుజం పట్టుకుని ఒడ్డునే నిలబడ్డాడు. వాళ్ళన్న నన్ను చెయ్యిపట్టి ఎక్కించుకున్నాడు.

“ఏం మామా, భూమి కొలిచినోడివి, ఈరోజు నీళ్ళు కొలుస్తావా? గొలుసు తెచ్చుకున్నావా?”

“నువ్వు ఒక కొన పట్టుకుంటానంటే కొలుస్తా.”

“నేను పట్టుకుంటా, ఇంకో కొన చేపకివ్వు.”

పడవలో అందరూ నవ్వారు. అలలు దాటి బయటికి వెళ్ళాక వెనక్కి తిరిగి ఒడ్డు చూశాను. తుఫాను షెల్టరు తెల్లగా కనబడుతోంది. దానికి దూరంగా సెల్ టవరు. ఆ రెండూ ఒక గీతలోకి వస్తే మొగలోకి, అంటే ఏరు సముద్రంలో కలిసే దారిలోకి, పడవ తిప్పాలి. ముందు తిప్పినా, వెనక తిప్పినా ఇసుకదిబ్బ మీద అల విరిగి పడవ బోల్తా పడుతుంది. నాకిది కొత్త కాదు. పొలాల్లో రెండు కర్రలు నాటి మేమూ ఇదే చేశాం.

“ముందు సెల్ టవరు లేదుగా? అప్పుడు తాటిచెట్టా?” అన్నాను.

ఎవరూ నవ్వలేదు. వాళ్ళన్న దోసిట్లోకి నీళ్ళు తీసుకుని పడవ ముక్కు మీద చల్లాడు. “ఒడ్డుకు పోయినాక అడుగు మామా” అన్నాడు.  

ఒడ్డున వలల పక్కన కూర్చోబెట్టి చెప్పాడు. అల్లుడు అవతల ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

“నీళ్ళమీద గుర్తు పోయిందనే మాట అనకూడదు మామా. అమ్మవారికి కోపం. గుర్తు పోతే, మళ్ళీ గంగమ్మ కొలుపు చేసి కొత్త గుర్తు ఒప్పుకునేదాకా, పాతది ఉన్నట్టే చెయ్యి చూపించాల. పెద్దోడు చూపిస్తాడు, మిగతావోళ్ళు తలూపుతారు. చెట్టు తుఫానులో పడిపొయ్యింది. అప్పుడు వీడు నాయుడుపేట హాస్టల్లో ఉండాడు. సెలవలకొచ్చి పడవెక్కినాడు. నాయన ఖాళీ ఒడ్డు మీదికి చెయ్యి చూపించి ‘అదో చెట్టు, కలిసింది చూడు’ అన్నాడు. వీడు తలూపినాడు. మేమూ ఊపినాం. అందరం ఊరికే ఊపతా ఉండాం అనుకున్నాం. వానికి కనబడతా ఉందని మాకు తెల్దు.”

“తర్వాత ఎవరూ చెప్పలేదా?”

“ఆ ఏడు కొలుపు జరగనే లే. అంతలో నాయన పొయ్యినాడు.” ఇసుకలో వేలితో ఒక గీత గీశాడు. “నాయనకి కూడా ఆఖర్న అట్టానే అయ్యింది మామా. చెయ్యి చూపిస్తా చూపిస్తా, నిజంగా చూడబట్టినాడు. ఆ పొద్దున మొగ కాడికొచ్చేసరికి ‘ఏందిరా, చెట్టింత పెద్దగా ఉంది’ అన్నాడు. చెట్టు పెద్దగా కనబడిందంటే మొగలో బాగా లోపలికొచ్చేసినట్టు, ఇంక తిప్పకపోతే నేలకి కొట్టుకుంటాం. మేం చూస్తే ఇంకా శానా బయటుండాం. తిప్పొద్దు నాయనా అన్నా. తిప్పినాడు. నేను ఈదుకుంటా వచ్చినా. ఆయన రాలే.”

“మీ తమ్ముడికి తెలుసా ఇది?”

“పడవ తిరగబడిందని తెలుసు. చెట్టు మాట చెప్పలే. చిన్నోడు. పెద్దయినాక ఎందుకులే అనిపించింది.”

అల్లుడు మా వైపు నడిచొస్తూ, మాకు వెనకగా ఉన్న ఇసుకమేట వైపు ఒకసారి చూసి, దేన్నో తప్పుకున్నట్టు కొంచెం పక్కకు జరిగి నడిచాడు. అక్కడ ఇసుక తప్ప ఏమీ లేదు.

ఉగాది దగ్గరపడింది. అమ్మాయికి ఏమీ చెప్పలేదు. విన్నది మాత్రమే ఉంది నా దగ్గర. చూసింది లేదు. చూడకుండా రాయి నాటకూడదు. ట్రాక్ వాళ్ళు అప్పుడప్పుడు బయటివాళ్ళను సొంత కార్లతో తిప్పుకోనిస్తారు. అలాంటి రోజున నన్ను ఎక్కించుకుని తిప్పమన్నాను. అల్లుడు సంతోషపడ్డాడు. పందెం కారులో రెండో సీటు ఉండదు. ఇది తన సొంత కారు కాబట్టి నేను పక్కన కూర్చోగలిగాను. నా తలకు హెల్మెట్ బిగించి, “మామా, మీరిప్పుడు అచ్చం బొప్పాయికాయ” అన్నాడు.

మిట్టమధ్యాహ్నం. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. దారి మీద ఎండమావి నీళ్ళలా కదులుతోంది. మొదటి చుట్టు నెమ్మదిగా తిప్పాడు. తిన్నటి దారిలోకి వచ్చాక ముందుకు వంగి చూశాడు.

“ఉంది” అన్నాడు. ముఖం విప్పారింది. “ఎనక్కి పొయ్యింది మామా. గోడకి శానా అవతల. నేను చెప్పలా?”

నేను చూశాను. జెండా గట్టు, గోడ, పొదలు, ఆకాశం.

తర్వాతి చుట్టు వేగం పెంచాడు. మిగతా కార్లు బ్రేకు తొక్కిన చోట దారి మీద నల్లటి చారలున్నాయి. అవన్నీ దాటి, ఇంకా ముందుకు పోయి, గోడ అద్దం నిండా వచ్చాక తొక్కాడు. సూదిలోకి దారం ఎక్కినట్టు కారు మలుపులోకి దిగింది. కుదుపు లేదు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ అదే చోట, వెంట్రుకవాసి తేడా లేదు. నా ఉద్యోగంలో అంత నిలకడైన చెయ్యిని నేను చూడలేదు. మంచి డ్రైవరే అని అప్పుడే నిర్ణయించుకున్నాను. ఇంటికి వెళ్ళి అమ్మాయికి పోనిమ్మని చెబుదామనుకున్నాను.

“కొంచెం ముందరికొచ్చింది” అన్నాడు తర్వాతి చుట్టులో. బ్రేకు ఆ మేరకు ముందే పడింది.

ఆ తర్వాతి చుట్టులో ఏమీ అనలేదు. బ్రేకు ఇంకా ముందు పడింది.

“చాలు, ఇంక ఆపుదాం” అన్నాను.

“ఈ చుట్టు తర్వాత” అన్నాడు. తిన్నటి దారిలోకి వచ్చాం. మలుపు ఇంకా చాలా దూరంలో ఉంది. అతను గొంతు పెంచకుండా, బస్సులో కిటికీ మూయమన్నట్టు, “మామా, తల వంచుకోండి” అన్నాడు.

వంచాను. బ్రేకు పడింది, కారు పక్కకు తిరిగి గడ్డిలోకి జారింది. ఆ జారడంలో ఎండ పోయింది. అద్దం మీదుగా ఒక నీడ వచ్చి, స్టీరింగు మీద అతని చేతుల్ని దాటి, నా మోకాళ్ళ మీదుగా పోయింది. నిలువుగా, స్తంభంలాగా ఉంది. దాని చివర అంచు చీలికలు చీలికలుగా ఉంది. అది నా మీద ఉన్నంతసేపు ఒళ్ళు చల్లబడింది. పోగానే మళ్ళీ ఎండ.

కారు ఆగింది. దుమ్ము తగ్గాక దిగి చూశాను. చుట్టూ కోసిన గడ్డి. స్తంభాలు మలుపుకు అవతలే ఉన్నాయి. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. ఆ వేళలో ఏ వస్తువు నీడైనా దాని కాళ్ళ కిందే పడాలి. జెండా మనిషి పరిగెత్తుకొచ్చి “ఎన్నాచ్చు సార్?” అని తమిళంలో అడిగాడు. ఏమైందో నాకు ఏ భాషలోనూ తెలియలేదు.

తిరుగు దారిలో చాలాసేపటికి అల్లుడే అన్నాడు. “ఎనక్కి పోలే గదా మామా.”

“లేదు.”

“మీకూ కనబడిందా?”

“చెట్టు కనబడలేదు. నీడ మీద పడింది.”

అతను నా వైపు తిరిగాడు. “నీడా? నాకెప్పుడూ నీడ పడలే మామా.”

ఆ రోజు డైరీలో ఎండ విపరీతం, మేఘం లేదు అని రాశాను. మరో మాట రాయలేకపోయాను.

మర్నాడు అమ్మాయికి ఫోను చేసి వద్దని చెప్పాను.

“మంచి డ్రైవరు కాదా నాన్నా?”

“అంత మంచివాణ్ణి నేను చూడలేదమ్మా. గుర్తు ఎక్కడ ఉంటే అక్కడే తిప్పుతాడు. గెలిచిన రోజూ అంతే, గోడకు గుద్దిన రోజూ అంతే. అతని చేతిలో తప్పు లేదు. గుర్తు కదులుతోంది.”

“గుర్తు కదలడం ఏంది?”

“కంటికి సంబంధించింది” అన్నాను. అంతకన్నా దగ్గరి మాట నాకు దొరకలేదు. “సరే నాన్నా” అంది.

అల్లుడు ఎదురు చెప్పలేదు. తన చూపు సరిగ్గా లేదని జట్టువాళ్ళకు చెప్పాడు. వాళ్ళు వదల్లేదు. పరీక్ష చేయించుకో, అద్దాలు వాడొచ్చు, నీకోసం సీటు ఉంచుతాం అన్నారు. అలా ముగ్గురం నెల్లూరులో కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పెద్దాయన, మాటకారి. అట్ట మీద చిట్టచివరి వరుస కూడా అల్లుడు తడుముకోకుండా చదివేశాడు. కంట్లో మందు వేయకుండానే లైటు పెట్టి అన్నీ చూశారు.

“ఎవరయ్యా నీకు కళ్ళు బాగాలేవన్నది? ఈ దూరపు చూపు నాకుంటే డాక్టరు పని మానేసి వేటకు పోయేవాణ్ణి.” నవ్వుతూ లేచి, అల్లుణ్ణి మేడమీద కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. “సరదాకి చెప్పు చూద్దాం. ఏమేం కనబడతా ఉండాయి?”

“వాటర్ ట్యాంకు సార్. దాని మీద ఎవరో మనిషి. అవతల పెన్న. ఇసుకలో కొంగలు. వంతెన మీద గడ్డి ట్రాక్టరు, దాని ఎనక బస్సు…”

ఆగాడు.

“ఊఁ, ఇంకా?”

అల్లుడు కిటికీ చువ్వ వదిలి ఒక అడుగు వెనక్కి వేశాడు. “చాలండి” అన్నాడు.

వరండాలోకి వచ్చి జట్టు మేనేజరుకు ఫోను చేశాడు. “చూపు బానే ఉందంట సార్. అయినా నేను రాను. సీటు ఇంకెవరికైనా ఇచ్చేయండి.” అవతలివాళ్ళు చాలాసేపు మాట్లాడారు. అతను వింటూ నిలబడి, చివరికి మళ్ళీ “రాను సార్” అన్నాడు.

కింద కారు దగ్గర మా అమ్మాయి అతని చేతిలోంచి తాళం తీసుకుంది. తనే నడపడానికి కూర్చుంది. అల్లుడు పక్కన, నేను వెనక. కోవూరులో మా ఇంటికి వెళ్ళాలంటే పెన్న దాటాలి. వంతెన మొదట్లోకి రాగానే అల్లుడు, “ఆపు” అన్నాడు.

ఆపింది. వెనక బస్సు హారన్ కొట్టింది. ముందు దారి ఖాళీగా ఉంది. అతను ఆ ఖాళీలోకి కొంతసేపు చూస్తూ కూర్చున్నాడు. మా అమ్మాయి దారిని చూడలేదు. అతని ముఖాన్నే చూస్తూ, బ్రేకు మీద కాలు అలాగే ఉంచింది.

“ఇప్పుడు పో” అన్నాడు.